మూతపడని క్లబ్బు

అందరికీ నమస్కారం. డాక్టర్లు, ఏఎన్‌ఎంలు, టీచర్లు ఒకేచోట కూర్చోవడం అరుదు కాబట్టి నేరుగా విషయానికి వస్తాను. ఫోన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటల వ్యసనం గురించి మాట్లాడతాను.

రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అని సుప్రీంకోర్టు 1967లో చెప్పింది. ఆ కేసు మన సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బుది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారెయ్యాలో తెలియాలి, కాబట్టి ఒట్టి అదృష్టం కాదన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలు తమది జూదం కాదని ఏళ్ల తరబడి కోర్టుల్లో వాదించాయి. క్లబ్బు నడిపేవాడు ఆట మీద లాభం తీస్తుంటే నేరం కావచ్చని అదే తీర్పులో ఉంది. ప్రకటనల్లో ఆ వాక్యం ఎవరూ వినిపించలేదు లెండి.

నైపుణ్యమా, అదృష్టమా అన్న తగాదా లాయర్లది. డాక్టరుగా నేను అడిగేది, ఆడేవాడు ఆగడానికి ఎక్కడైనా వీలుందా అని. ఆ పాత క్లబ్బులో ఉండేది. జేబు ఖాళీ అయితే లేవాల్సిందే. రాత్రికి తలుపులు మూస్తారు. పక్క టేబుల్ దగ్గర పెద్దబావగారు కనిపిస్తే మొహమాటం. సంక్రాంతి పందేలైనా, వాటిని నేను సమర్థించడం లేదు, పండగ అయ్యాక బరి ఎత్తేస్తారు. ఫోన్‌కి మూసే వేళ లేదు, చూసే కళ్లు లేవు, జేబు ఖాళీ అయితే లోన్ యాప్ ఉంది.

మా ఓపీకి వచ్చే కుర్రాళ్లు ఇష్టపడి చూపిస్తే యూపీఐ హిస్టరీ చూస్తాను. మొదట వంద, రెండొందలు. పోనుపోను అయిదువేలు, పదివేలు. రాత్రి ఒంటిగంట దాటాక వరసగా నాలుగైదు. మధ్యలో ఒక పెద్ద జమ. గెలిచాడేమో అనుకుంటాం, పంపింది లోన్ యాప్. కాసేపటికి అదీ పోయి ఉంటుంది. తీసుకొచ్చిన తల్లి చెప్పేది మాత్రం 'నిద్రపోడు సార్, ఊరికే కసురుకుంటాడు' అని. మనం నిద్రలేమి అని రాసి మాత్రలిచ్చి పంపేస్తాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ) రోగాలకు కోడ్లు ఇచ్చే జాబితా ఐసీడీ-10లోనే జూద వ్యసనానికి ఎఫ్63.0 అని కోడ్ ఉంది. మన రిజిస్టర్లలో అది ఎన్నిసార్లు కనిపిస్తుందో మీకు తెలుసు.

చట్టాల లోటు లేదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్ర చట్టం వచ్చింది. అలాంటి ఆటలు నడిపితే మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా. ప్రకటన ఇస్తే రెండేళ్లు, యాభై లక్షలు. సిగరెట్ మీద ఆంక్షలు ప్రకటనల నుంచే బిగిశాయి కాబట్టి ఈ రెండోది నాకు బాగా నచ్చింది. ఆడేవాడిని ఆ చట్టం శిక్షించదు, అది ఇంకా మంచిది. ఏపీ చట్టంలో ఆడినవాడికీ జైలుంది. కేసు పెడతారని భయపడేవాడు ఆసుపత్రి గడప తొక్కుతాడా? నిషేధం తర్వాత కూడా టెలిగ్రామ్ లింకులు, ఎవరి పేరు మీదో తెరిచిన బ్యాంకు ఖాతాలు ఆగలేదు. వాటి వెంట పోలీసులు పడనీ. ఇప్పటికే చిక్కుకున్నవాడి సంగతి మనది.

దక్షిణ కొరియా 2011లో పదహారేళ్ల లోపు పిల్లలకు అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు దాకా ఆన్‌లైన్ గేములు బంద్ చేసింది. పిల్లలు పెద్దల ఐడీలతో లాగిన్ అయ్యారు, ఆట మొబైల్‌కి మారిపోయింది, చివరికి చట్టాన్నే ఎత్తేశారు. బ్రిటన్ డబ్బు దారి మీద చెయ్యి వేసింది. 2020 ఏప్రిల్ నుంచి క్రెడిట్ కార్డుతో జూదం కుదరదు. అక్కడ డిపాజిట్ పరిమితి తగ్గించుకుంటే వెంటనే అమలవుతుంది, పెంచుకోవాలంటే ఒక రోజు ఆగాలి. ఆ ఒక్క రోజులో చాలామందికి ఆవేశం దిగుతుంది. మన యూపీఐకి ఇలాంటి ఏర్పాటు బ్యాంకులు ఎందుకు పెట్టకూడదు? రాత్రి పదకొండు దాటాక కొత్త ఖాతాకి పదివేలు పంపడం అంత సులువుగా ఎందుకుండాలి?

టీచర్లకు ఒక మాట. గేమ్ ఆడే ప్రతి పిల్లాడూ రోగి కాదు. గేమింగ్ వ్యసనం అని చెప్పడానికి డబ్ల్యూహెచ్‌ఓ పెట్టిన కొలత కఠినమైనది: ఆటమీద అదుపు తప్పాలి, మిగతావన్నీ వెనక్కి పోవాలి, నష్టం తెలిసీ ఆడాలి, ఇది మామూలుగా ఏడాది పాటు సాగాలి. సెలవుల్లో రోజంతా ఫోన్ పట్టుకున్నాడని ముద్ర వెయ్యకండి. డబ్బు చేరిన ఆటకు మాత్రం ఏడాది ఆగకండి.

డాక్టర్లూ, ఏఎన్‌ఎంలూ, నిద్రలేమి, అప్పులు, ఆత్మహత్య ఆలోచన అని ఎవరొచ్చినా రెండు ప్రశ్నలు అడగండి. పందెం సొమ్ము పెంచుకుంటూ పోవాలనిపించిందా? ఎంత పెట్టావో ఇంట్లో అబద్ధం చెప్పాల్సి వచ్చిందా? ఒక్కదానికి అవునన్నా జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి పంపండి. రాత్రిపూట అయితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్, 14416. తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఇంట్లోవాళ్లు పొలం అమ్మి అప్పు ఒక్కసారిగా తీర్చేస్తామంటే ఆపండి. ముందు ఖాతా ఇంకొకరి చేతికి మారాలి, లోన్ యాప్‌లు ఫోన్‌లోంచి పోవాలి, అప్పుల జాబితా అతని చేతే రాయించాలి. తీర్చడం ఆ తర్వాత.

జిల్లా అధికారులను నేను అడిగేది కూడా చిన్నదే. ఓపీ రిజిస్టర్లో జూదానికి ఒక కాలమ్ కలపండి, నెల నెలా లెక్క పైకి పంపండి. ఎంతమంది ఉన్నారో తెలియకుండా మందులకూ కౌన్సెలర్లకూ బడ్జెట్ అడగలేం.

ఇక ప్రశ్నలుంటే అడగండి.