రాయి లేని సమాధి కూడా మ్యాప్‌లోకి రావాలి

నమస్తే అండి. అమెరికాలో వాషింగ్టన్ పక్కనే ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటిక ఉంది. సైనికులతో పాటు ఇద్దరు అధ్యక్షులను కూడా ఖననం చేసిన చోటు. అలాంటి చోట కూడా 2010లో సైన్యం విచారణ జరిపితే, మ్యాపులో ఉన్నదానికీ నేల మీద ఉన్నదానికీ 200కు పైగా చోట్ల పొంతన కుదరలేదు. సమాధి ఉందని గుర్తు పెట్టిన చోట రాయి లేదు, ఖాళీ అని రాసిన చోట రాయి ఉంది. ఆ తర్వాత 2011లో సైనికులు రాత్రిపూట ఫోన్లు పట్టుకుని వరస వరసా తిరిగారు. రెండున్నర లక్షలకు పైగా సమాధులను ఫొటోలు తీశారు. ఒక్కో ఫొటోను పాత కార్డులతో, రికార్డులతో పోల్చి చూశారు. 2012లో ఆ సమాచారం ఒక యాప్‌గా అందరికీ అందుబాటులోకి వచ్చింది.

ఇందులో నాకు ముఖ్యంగా అనిపించేది ఆ పోల్చి చూడడమే. పాత శ్మశానానికి మ్యాప్ వేయాలనగానే ఎవరికైనా ముందు డ్రోన్ గుర్తొస్తుంది. డ్రోన్ కావాలి, జీపీఎస్ కూడా కావాలి. కానీ అవి చూపించేది కనిపించే వాటిని మాత్రమే. రాయి పెట్టించుకునే స్తోమత లేనివాళ్లు, పసిపిల్లలు, చెక్క గుర్తు పెడితే అది పుచ్చిపోయినవాళ్లు, వీళ్లందరూ ఆ నేలలోనే ఉన్నారు. కనిపించే రాళ్లను మాత్రమే చుక్కలు పెట్టి ‘మ్యాప్ పూర్తయింది’ అంటే, వాళ్లను మనం రెండోసారి వదిలేసినట్టే. అందుకే ఈ వీడియోలో పరికరాల గురించి చెబుతూనే, అవి ఎక్కడ ఆగిపోతాయో కూడా చెబుతాను.

మొదటి పని కాగితాల దగ్గర. ఖననాల రిజిస్టరు, పాత ప్లాను, విమానం నుంచి తీసిన పాత ఫొటోలు, స్థలం హద్దుల పత్రాలు ఏవి దొరికితే అవి ముందు సేకరించాలి. న్యూయార్క్‌లో 1991లో ఒక ప్రభుత్వ భవనం కోసం తవ్వుతుంటే ఆఫ్రికన్ మూలాలున్న 400 మందికి పైగా అవశేషాలు బయటపడ్డాయి. 18వ శతాబ్దపు మ్యాపుల్లో అక్కడ శ్మశానం ఉన్నట్టు గుర్తు ఉంది. కాగితం ఎంత పాతదైనా దాన్ని చదవకుండా నేల మీదికి వెళ్లకూడదు.

కాగితాలు చూశాక ఉత్త చేతులతో ఒకసారి మొత్తం నడవండి. హద్దు ఎక్కడ, వరసలు ఏ దిక్కుకు ఉన్నాయి, ఏ రాయి పడిపోయేలా ఉంది, పాములూ తేనెతుట్టెలూ ఉన్నాయా, ఇవన్నీ చూసుకోవాలి. ఒరిగిన పెద్ద రాయి మనిషి మీద పడితే ప్రాణాలకే ప్రమాదం. దాన్ని నిలబెట్టడం మన పని కాదు, గుర్తు పెట్టుకుని నిర్వాహకులకు చెప్పాలి.

ఇప్పుడు జీపీఎస్ దగ్గరికి వద్దాం. ఆకాశం బాగా కనిపించే చోట కూడా ఫోన్‌లోని జీపీఎస్ మామూలుగా 5 మీటర్ల వరకు అటూఇటూ అవుతుంది. పెద్దవాళ్ల సమాధి వెడల్పు సుమారు ఒక మీటరే. అంటే మీరు ఒక రాయి ముందు నిలబడి పాయింట్ పెడితే, మ్యాప్‌లో ఆ చుక్క నాలుగైదు సమాధుల అవతల పడొచ్చు. దాన్ని నమ్ముకుని వచ్చిన కుటుంబం వేరేవాళ్ల సమాధి దగ్గర పూలు పెట్టి వెళ్తుంది. శ్మశానం ఎక్కడుందో చూపడానికి ఫోన్ చాలు. ఏ సమాధి ఎవరిదో చెప్పడానికి చాలదు.

అందుకోసం ఆర్‌టీకే అనే పద్ధతి వాడతారు. స్థానం ముందే కచ్చితంగా తెలిసిన ఒక బిందువు మీద ఒక రిసీవర్‌ను కదలకుండా పెడతారు, అది బేస్. ఇంకొకదాన్ని కర్రకు బిగించి సమాధి సమాధికీ తీసుకెళ్తారు, అది రోవర్. రెండూ దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి ఉపగ్రహ సంకేతాల్లో వచ్చే తేడా రెండింటిలోనూ దాదాపు ఒకేలా ఉంటుంది. బేస్ తనకు తెలిసిన స్థానంతో ఆ తేడాను లెక్కగట్టి రోవర్‌కు పంపుతుంది. అప్పుడు ఒకటి రెండు సెంటీమీటర్ల కచ్చితత్వం వస్తుంది. ఇదంతా బయలు ప్రదేశంలో.

పాత శ్మశానాల్లో పెద్ద పెద్ద చెట్లుంటాయి, ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. కొమ్మలు సంకేతాన్ని అడ్డుకుంటాయి, గోడలకూ పెద్ద రాళ్లకూ తగిలి సంకేతం దారి మళ్లుతుంది. అయినా తెర మీద అంకెలు వస్తూనే ఉంటాయి. అందుకే రోవర్‌లో ‘ఫిక్స్’ (స్థానం కచ్చితంగా తేలింది) అని ఉందా, ‘ఫ్లోట్’ (ఇంకా తేలలేదు) అని ఉందా ప్రతిసారీ చూడాలి. ఫ్లోట్ అని ఉంటే ఆ పాయింట్‌ను తీసుకోకండి. దానికి బదులు చెట్ల నీడ బయట మూడు నాలుగు మేకులు దిగ్గొట్టి, వాటి స్థానాన్ని ఆర్‌టీకేతో బాగా కొలిచి, అక్కడి నుంచి చెట్ల కిందికి టోటల్ స్టేషన్‌తోనో (కోణాలూ దూరాలూ కొలిచే సర్వే పరికరం) మామూలు టేపుతోనో కొలవండి. రెండు మేకుల నుంచి దూరం తెలిస్తే, మనం ఏ వైపు ఉన్నామో తెలుసు కాబట్టి రాయి స్థానం తేలిపోతుంది. మూడో మేకు నుంచి కూడా కొలిస్తే తప్పు ఉందో లేదో వెంటనే బయటపడుతుంది. దట్టమైన చెట్ల కింద ఖరీదైన పరికరాల కన్నా ఈ పాత పద్ధతినే నేను నమ్ముతాను.

ఇక డ్రోన్. ముందు మీ దేశంలో విమానయాన సంస్థ పెట్టిన నిబంధనలు చూసుకోండి, శ్మశానం నిర్వాహకుల అనుమతి తీసుకోండి. అంత్యక్రియలు జరుగుతున్నప్పుడు, ఎవరైనా తమవాళ్ల సమాధి దగ్గర కూర్చుని ఉన్నప్పుడు ఎగరేయకండి. అనుమతి ఉన్నా సరే, కాసేపు ఆగండి.

మామూలు సర్వే డ్రోన్‌తో 30 మీటర్ల ఎత్తు నుంచి తీస్తే ఫొటోలో ఒక్కో పిక్సెల్ నేల మీద ఇంచుమించు ఒక సెంటీమీటరుకు సమానం. ఒక ఫొటోకూ పక్క ఫొటోకూ మధ్య 75 నుంచి 80 శాతం ఒకే నేల కనిపించేలా ఎగరేయాలి. ఒకే రాయి ఎన్నో కోణాల నుంచి పడితేనే సాఫ్ట్‌వేర్ ఆ ఫొటోలను కలిపి, కొలతలు తీసుకోదగ్గ ఒకే చిత్రాన్ని, దాంతోపాటు నేల ఎత్తుపల్లాల నమూనాను తయారు చేయగలదు. ఓపెన్‌డ్రోన్‌మ్యాప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఈ పని చేయొచ్చు. నేల మీద స్థలమంతటా పరిచినట్టు కంట్రోల్ పాయింట్లు, అంటే పై నుంచి స్పష్టంగా కనిపించే గుర్తులు పెట్టి, వాటిని ఆర్‌టీకేతో కొలవాలి. రెండు మూడింటిని సాఫ్ట్‌వేర్‌కు ఇవ్వకుండా పక్కన పెట్టుకుని, తయారైన చిత్రంలో అవి సరైన చోటే ఉన్నాయా అని తర్వాత పరీక్షించుకోవాలి.

డ్రోన్‌ను రెండు రకాల వెలుతురులో ఎగరేయండి. మబ్బు పట్టిన రోజు నీడలుండవు కాబట్టి చిత్రం శుభ్రంగా వస్తుంది. పొద్దున్నే ఏటవాలు ఎండలో తీస్తే, నేలలో కొద్దిపాటి గుంటకు కూడా నీడ పడుతుంది. శవపేటిక పుచ్చి కూలిపోయినప్పుడు, పూడ్చిన మట్టి అణిగిపోయినప్పుడు నేల కుంగుతుంది. నడిచేటప్పుడు కంటికి ఆనని ఆ పల్లాలు పై నుంచి వరసగా కనిపిస్తాయి. గడ్డి ఎండే కాలంలో ఇంకో ఆధారం దొరుకుతుంది. ఒకసారి తవ్వి పూడ్చిన మట్టి తడిని పట్టి ఉంచే తీరు వేరు, కాబట్టి అక్కడి గడ్డి రంగు పక్క గడ్డికి తేడాగా ఉండొచ్చు.

డ్రోన్‌కు చేతకానిదల్లా చదవడం. నిలువు రాయి పై నుంచి సన్నని గీతలా కనిపిస్తుంది. దాని మీది పేరు కోసం మనిషి వెళ్లి మోకాళ్ల మీద కూర్చోవాల్సిందే.

రాయి దగ్గర చేయకూడనివి ముందు చెబుతాను, ఎందుకంటే మంచి ఉద్దేశంతోనే చాలా రాళ్లు పాడైపోయాయి. అక్షరాలు కనిపించడానికి సుద్ద రుద్దకండి. షేవింగ్ ఫోమ్ పూయకండి, దానిలోని రసాయనాలు రాయి రంధ్రాల్లోకి ఇంకిపోతాయి. ఇనుప బ్రష్ వద్దు, బ్లీచ్ వద్దు. ఒక అద్దంతో ఎండను పక్క నుంచి రాయి మీదికి మళ్లించండి, లేదా సాయంత్రం టార్చి వెలుతురు పక్క నుంచి వేయండి. అరిగిపోయిన అక్షరాల అంచుల్లో నీడ పడి చదవడం వీలవుతుంది. అప్పటికీ కనిపించకపోతే కెమెరాను కదలకుండా ఉంచి, వెలుతురును మాత్రం రకరకాల దిక్కుల నుంచి వేస్తూ వరసగా ఫొటోలు తీసి కలిపే పద్ధతి ఉంది, దాన్ని ఆర్‌టీఐ అంటారు. 2001లో హెచ్‌పీ పరిశోధనశాలలో టామ్ మాల్జ్‌బెండర్ బృందం ప్రకటించిన పద్ధతి నుంచి వచ్చింది ఇది.

రాసుకునేటప్పుడు రాయి మీద ఎలా ఉంటే అలాగే రాయండి, అక్షర దోషాలతో సహా. కనిపించని అక్షరం చోట ప్రశ్నార్థకం పెట్టండి. 1831 అయ్యుంటుందిలే అని ఊహించి రాసిన అంకె రేపు ఎవరి వంశవృక్షంలోకో నిజమై చేరిపోతుంది.

ఇక్కడే చాలా సర్వేలు చేసే ఒక పని నాకు నచ్చదు. ఒక చుక్క పెట్టి, దానికి ఒక పేరు తగిలిస్తారు. కానీ ఒక రాయి మీద ఐదుగురి పేర్లుండొచ్చు. ఒకే మనిషికి తల దగ్గర ఒక రాయి, కాళ్ల దగ్గర ఒక రాయి ఉండొచ్చు. గడ్డి కోయడం సులువవుతుందని రాళ్లను గోడ వారకు జరిపిన శ్మశానాలున్నాయి, అక్కడ రాయి ఒక చోట, మనిషి ఒక చోట. మనిషి ఎక్కడో చనిపోతే గుర్తుగా రాయి మాత్రమే నిలబెట్టిన సందర్భాలూ ఉన్నాయి. అందుకే రాయికి ఒక పట్టిక, సమాధి స్థలానికి ఒక పట్టిక, మనిషికి ఒక పట్టిక విడివిడిగా పెట్టుకుని, వాటిని నంబర్లతో కలపాలి. క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో ఇది చేయడం కష్టమేమీ కాదు. ఇలా చేసినప్పుడే రాయి లేని సమాధికి పట్టికలో ఒక వరస దొరుకుతుంది, సమాధి దొరకని మనిషికీ ఒక వరస దొరుకుతుంది. రిజిస్టరులో పాత నంబర్లుంటే వాటిని తీసేయకండి, మీ నంబరు పక్కనే ఉంచండి.

రాయి లేని సమాధులను వెతకడానికి నేల లోపలికి చూసే రాడార్ వాడతారు. దీని మీద అపోహలు ఎక్కువ. అది ఎక్స్‌రే కాదు, ఎముకల బొమ్మ చూపించదు. రేడియో తరంగాలను నేలలోకి పంపి, మట్టి గుణం మారిన చోట తిరిగొచ్చే ప్రతిధ్వనిని నమోదు చేస్తుంది. తవ్వి పూడ్చిన గుంత అంచులు, పెట్టె, లోపలి ఖాళీ కనిపించొచ్చు. చెట్టు వేరు, పెద్ద బండరాయి కూడా అలాగే కనిపించొచ్చు. బంకమట్టిలో, ఉప్పు తడి ఉన్న నేలలో తరంగాలు లోపలికి పోకముందే నీరసిస్తాయి. అలాంటి నేలలో ఏమీ కనిపించలేదంటే ఏమీ లేదని అర్థం కాదు.

అయినా దాని విలువ తక్కువేమీ కాదు. ఫ్లోరిడాలోని టాంపా నగరంలో 1901 నాటి జయాన్ అనే నల్లజాతివారి శ్మశానం మీద ఇళ్లు, దుకాణాలు లేచాయి. సమాధులను వేరే చోటికి తరలించేశారేమో అనుకున్నారు. 2019లో విలేకరులు పాత రికార్డులు తవ్వి ప్రశ్నలు లేవనెత్తాక రాడార్ తిప్పితే, 100కు పైగా శవపేటికల ఆనవాళ్లు నేలలోనే కనిపించాయి. అక్కడ కూడా ముందు కాగితం దారి చూపింది, రాడార్ ఆ తర్వాత వచ్చింది.

మ్యాప్ మీద వీటన్నిటినీ ఒకే రంగులో వేయకండి. రాయి, రికార్డు రెండూ ఉన్నవి ఒక రంగు. రాడార్‌లో, పల్లాల్లో రెండింటిలోనూ కనిపించినవి ఒక రంగు. ఒక్క ఆధారం మాత్రమే ఉన్నవి ఇంకో రంగు, ‘సమాధి కావచ్చు’ అనే మాటతో. పరిశీలించి ఏమీ దొరకని చోటు, అసలు పరిశీలించని చోటు ఒకటి కావు. ఆ రెండింటినీ వేరువేరుగా చూపించాలి. రేపు అక్కడ గోడ కట్టాలనుకునేవాళ్లకు అన్నిటికన్నా ముఖ్యమైన సమాచారం ఇదే.

మ్యాప్ మూలలో ఏ కోఆర్డినేట్ పద్ధతి (స్థానాన్ని అంకెల్లో చెప్పే పద్ధతి) వాడారో, ఏ తేదీన కొలిచారో తప్పకుండా రాయండి. ఆస్ట్రేలియా ఖండం ఏటా సుమారు 7 సెంటీమీటర్లు కదులుతోంది. అందువల్ల అక్కడ 1994 నాటి పద్ధతికీ 2020 నాటి పద్ధతికీ మధ్య దాదాపు 1.8 మీటర్ల తేడా ఉంది. ఏ పద్ధతో రాయకపోతే, సెంటీమీటరు కచ్చితత్వంతో కొలిచిన సమాధి కూడా పక్కవాళ్ల సమాధి మీదికి జరిగిపోతుంది.

అంతా అయ్యాక ఫైళ్లను ఒక్క సాఫ్ట్‌వేరే తెరవగలిగే రూపంలో వదిలేయకండి. పట్టికలను ఏ సాఫ్ట్‌వేరైనా తెరవగలిగే మామూలు సీఎస్‌వీ ఫైలుగా, మ్యాప్‌ను పీడీఎఫ్‌గా ఇవ్వండి. ఒక ప్రతి అచ్చు వేసి శ్మశానం చూసుకునేవాళ్లకు, ఒక ప్రతి గ్రంథాలయానికి చేర్చండి. సర్వే కోసం దిగ్గొట్టిన మేకుల్లో నాలుగింటిని నిర్వాహకుల అనుమతితో శాశ్వతంగా ఉంచేసి, వాటి స్థానాలను అచ్చు మ్యాప్ మీద వేయండి. తర్వాత వచ్చే ఖననాన్ని కాపలాదారు ఒక టేపుతో కొలిచి తనే చేర్చుకోగలుగుతాడు.