వాయిద్యం ఒక్కటీ లేని ఆల్బమ్: లేడీస్మిత్ బ్లాక్ మంబాజో ‘షాకా జులు’ రివ్యూ

నమస్తే అండీ. ఈ వీడియోకి ఇయర్‌ఫోన్స్ కావాలి. దగ్గర ఉంటే పెట్టుకోండి, లేకపోతే లేచి తెచ్చుకోండి, నేను ఆగుతాను. ఎందుకంటే ఈ రోజు మాట్లాడుకునే ఆల్బమ్‌లో సగం సరుకు కింది గొంతుల్లో ఉంది. ఫోన్ స్పీకర్‌లో పెడితే ఆ సగం ఎగిరిపోతుంది. పైన పాడే ఒక్క మనిషే వినపడి, "ఇందులో ఏముందిరా బాబూ" అనిపిస్తుంది. మొదటిసారి నాకు అలాగే అనిపించి, రెండో పాటలోనే ఆపేశాను. అది నా తప్పు, ఆల్బమ్ తప్పు కాదు.

ఆల్బమ్ పేరు ‘షాకా జులు’. 1987లో వచ్చింది. పాడింది దక్షిణాఫ్రికా వాళ్లు, పేరు లేడీస్మిత్ బ్లాక్ మంబాజో. మొత్తం పది పాటలు. గిటార్ లేదు, డ్రమ్ లేదు, శ్రుతి పెట్టె లాంటిది కూడా లేదు. మగవాళ్ల గొంతులు, మధ్యమధ్యలో నాలుక చప్పుళ్లు, అంతే.

నిజం చెప్పాలంటే కవర్ మీద షాకా పేరు చూసి నేను ఇంకేదో ఊహించుకున్నాను. షాకా అంటే మామూలు మనిషి కాదు కదా, చిన్న తెగగా ఉన్న జులులని పెద్ద రాజ్యం చేసిన యుద్ధవీరుడు, 1828లో చనిపోయాడు. ఆ పేరు పెట్టారంటే డోళ్లు దద్దరిల్లుతాయి, కేకలు ఉంటాయి అనుకున్నాను. తీరా చూస్తే పక్క గదిలో పసిపాప నిద్రపోతున్నట్టు పాడుతున్నారు. పది మంది దాకా మగవాళ్లు, అందులో ఎక్కువమంది బేస్, అంటే కింది స్థాయి గొంతులు, అయినా ఎవరూ అరవడం లేదు. ఎందుకిలా పాడుతున్నారు అన్నది తెలిసేదాకా నాకు ఈ ఆల్బమ్ ఎక్కలేదు. కాబట్టి ముందు అది చెప్తాను, పాటలు తర్వాత.

ఈ పద్ధతి పేరు ఇసికతమియా. "కాతమా" అంటే జులులో పిల్లిలాగా మునివేళ్ల మీద మెల్లగా నడవడం. ఆ "క" నేను పలికినట్టు ఉండదు లెండి. ఎవరి కష్టమో విన్నప్పుడు మన ఇళ్లల్లో పెద్దవాళ్లు "చ్చొ చ్చొ చ్చొ, అయ్యో పాపం" అంటారు చూడండి, నాలుక పళ్లకి ఆనించి లాగే ఆ చప్పుడు. జులు భాషలో అది అచ్చంగా ఒక అక్షరం. ఇలాంటివే ఇంకో రెండున్నాయి. ఒకటి సీసా బిరడా ఊడినట్టు "టొక్" మంటుంది. ఇంకోటి జట్కావాళ్లు గుర్రాన్ని అదిలించేటప్పుడు బుగ్గ పక్కనుంచి చేసే చప్పుడు. మనం సానుభూతికీ గుర్రాలకీ వాడే చప్పుళ్లని వాళ్లు మాటల మధ్యలో మామూలుగా పెట్టుకుని మాట్లాడతారు. పాటలో అవి తాళంలా పనిచేస్తాయి. నేను మొదట వెనకాల ఎవరో చిటికెలు వేస్తున్నారనుకున్నాను.

ఇక ఈ పాట పుట్టింది గనుల దగ్గరా, ఫ్యాక్టరీల దగ్గరా. జోహానెస్‌బర్గ్‌కో డర్బన్‌కో పనికి వెళ్లిన జులు మగవాళ్లకి పెళ్లాం పిల్లల్ని వెంట తెచ్చుకునే వీలు లేదు. అప్పటి చట్టాలు అలాంటివి. మగవాళ్ల హాస్టళ్లలో ఉండేవాళ్లు. వారమంతా గొడ్డు చాకిరీ, శనివారం రాత్రి పాటల పోటీ. ఆ పోటీ తెల్లవారేదాకా నడిచేది. ఇస్త్రీ సూట్లు, తళతళలాడే బూట్లు, చేతులకి తెల్ల గ్లోవ్స్. ఊళ్లో ఉండగా ఆడిన జులు ఆటలో కాలెత్తి నేల మీద ధన్‌మని కొడతారు. ఇక్కడ అలా కొడితే కాపలావాళ్లు వచ్చేస్తారని కాలు ఎత్తడం మటుకు అంతే ఎత్తు ఎత్తి, దించడం మాత్రం దూది మీద పెట్టినట్టు దించడం నేర్చుకున్నారని మంబాజో వాళ్లే చెప్తుంటారు. పట్నం ఆట కాస్త నాజూగ్గా ఉండాలన్న సోకు కూడా ఇందులో ఉందని నాకనిపిస్తుంది. ఆ సూట్లు చూస్తే తెలియడం లేదూ?

పోటీకి జడ్జి ఎవరో తెలుసా? పాటగాళ్లలో ఎవరిని పెట్టినా పక్షపాతం అంటారు కదా. అందుకని ఆ రాత్రివేళ రోడ్డు మీద పోయే తెల్లవాడిని ఒకణ్ణి పిలుచుకొచ్చి కూర్చోబెట్టే అలవాటు ఉండేది. వాడికి జులు రాదు, ఈ పాట తెలియదు. ఏదీ తెలియదు కాబట్టి ఎవరి వైపూ మొగ్గడు. వర్ణవివక్ష దేశంలో నల్లవాళ్ల పాటకి తెల్లవాడు తీర్పరి అన్నదాంట్లో ఎంత చేదు ఉందో, ఆ ఆలోచనలో అంత గడుసుతనమూ ఉంది. గెలిస్తే మేకో, దుప్పటో.

ఇక్కడ నాకు అమీర్‌పేట హాస్టల్ గుర్తొచ్చింది. కోచింగ్‌కి వచ్చిన రోజులు. ఆరుగురం ఒక గదిలో. రాత్రి పదకొండు దాటాక పాడుకుంటే ఓనర్ పైకొచ్చి తలుపు బాదేవాడు. అందుకని గొంతు తగ్గించి పాడేవాళ్లం. తగ్గించేసరికి ఏమయ్యేదంటే, అందరి గొంతులూ ఒకదానికొకటి అతుక్కునేవి. గట్టిగా పాడినప్పుడు ఎవడి పాట వాడిది. మెల్లగా పాడితే పక్కవాడిది వినక తప్పదు. మా పాటకీ వీళ్ల పాటకీ పోలిక పెట్టే సాహసం చేయను, మాది అపశ్రుతుల సంత. కానీ ఈ ఆల్బమ్‌లో ఆ బేస్ గొంతులు ఎందుకలా ఒకే ముద్దలా వినిపిస్తాయో నాకు ఆ గది వల్లే అర్థమైంది.

సరే, గ్రూపు సంగతి. దీన్ని పెట్టింది జోసెఫ్ షబలాలా. 1940లో పుట్టాడు. లేడీస్మిత్ దగ్గర తెల్లవాళ్ల పొలంలో బతికే కుటుంబం. గ్రూపు పేరులో మొదటి మాట ఆ ఊరే. తమాషా ఏంటంటే లేడీస్మిత్ అన్న పేరు జులు కాదు, ఒక బ్రిటిష్ గవర్నర్ పెళ్లాడిన స్పెయిన్ ఆవిడ పేరు మీద పెట్టింది. జులులో ఊరి పేరు ఉమ్నంబితి. రెండో మాట బ్లాక్, అంటే నల్ల ఎద్దు. మందలో బలమైనది అదేనట. మూడోది మంబాజో, అంటే గొడ్డలి. పోటీకొచ్చిన వాళ్లని నరికేస్తాం అని. ఇంత మెత్తగా పాడేవాళ్లకి ఇంత పొగరు పేరు! అన్ని పోటీలూ వీళ్లే గెలుస్తున్నారని, "మీరు వచ్చి పాడండి కానీ పోటీలో వద్దు" అన్నారని చెప్పుకుంటారు.

1964లో షబలాలాకి ఒక కల వచ్చింది. రాత్రి రాత్రికీ అదే కల, ఆరు నెలల పాటు. పిల్లలు పాడుతున్నారు, అతను ఎప్పుడూ వినని గొంతుల కలయికలో. ఆ కలలో విన్నదాన్ని తన వాళ్లకి నేర్పడానికి కుస్తీ పట్టాడు. కొందరు పాతవాళ్లకి ఎక్కలేదు. తర్వాత తమ్ముళ్లు, పినతల్లి పెదతల్లి పిల్లలు వచ్చి చేరారు. 1973లో ‘అమాబుతో’ అని మొదటి ఎల్పీ, దానికి గోల్డ్ డిస్క్. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే వీళ్లని ఎవరో అమెరికావాడు "కనిపెట్టాడు" అని చాలాచోట్ల రాస్తారు. అప్పటికే దక్షిణాఫ్రికాలో రేడియో ఉన్న ఇంటిలో వీళ్ల పేరు తెలియనివాళ్లు తక్కువ.

ఆ అమెరికావాడు పాల్ సైమన్ అనే పాటగాడు. 1986లో ‘గ్రేస్‌లాండ్’ ఆల్బమ్‌లో వీళ్లతో పాడించాడు. వర్ణవివక్షకి నిరసనగా బయటి కళాకారులు అక్కడికి వెళ్లకూడదన్న సాంస్కృతిక బహిష్కరణ అమల్లో ఉండగా దక్షిణాఫ్రికా వెళ్లి రికార్డు చేశాడని అతన్ని బాగా తిట్టారు. తిట్టినవాళ్ల మాటలో న్యాయం ఉంది. ఆ ‘గ్రేస్‌లాండ్’ లేకపోతే నేను ఈ వీడియో చేసేవాణ్ణి కాదన్నది కూడా నిజమే. ఆ మరుసటి ఏడు సైమనే నిర్మాతగా కూర్చుని చేసిన ఆల్బమ్ ‘షాకా జులు’. దీనికి 1988లో గ్రామీ వచ్చింది, సంప్రదాయ జానపద విభాగంలో.

ఇప్పుడు పాటలు. మొదటిది ‘ఉనోమతెంబా’. తెంబా అంటే ఆశ, నమ్మకం. నోమతెంబా ఒక అమ్మాయి పేరు. ఈ పాటని ఇలా వినండి. మొదటిసారి షబలాలా గొంతునే పట్టుకోండి. సన్నగా, కాస్త గాలితో, ఎవరినో బతిమాలుతున్నట్టు ఉంటుంది. పాట అయ్యాక వెనక్కి వెళ్లి, ఈసారి అతన్ని వదిలేసి కిందికి దిగండి. బేస్ వాళ్లు ఊరికే "ఊఁ" కొట్టడం లేదు. అతను మాట పూర్తి చేసేలోపే అందుకుంటున్నారు, అతను ఆగిన చోట వాళ్లు ఆగడం లేదు. మన బుర్రకథలో వంతవాళ్లు కథకుడి మాట తుంచి అందుకుంటారే, అలాంటి పని. కానీ అక్కడ ఊపు పెరుగుతుంది, ఇక్కడ బరువు పెరుగుతుంది. ఆ దొంతర మెల్లగా లేచి మళ్లీ కూర్చునే చోట నాకు ప్రతిసారీ భుజాలు వదులవుతాయి. అతిశయోక్తి కాదు, విని చూడండి.

‘హలో మై బేబీ’ సరదా పాట. వెళ్లేముందు ఒక ముద్దు ఇచ్చి వెళ్లనీ అనే సంగతి. ముద్దుల చప్పుడు కూడా నోటితోనే చేస్తారు, అందరూ కలిసి, తాళం తప్పకుండా. ఇంట్లో పెద్దవాళ్ల ముందు పెడితే కాస్త ఇబ్బందే, ముందే చెప్తున్నాను.

‘ఎట్ గోల్గోతా’, ‘కింగ్ ఆఫ్ కింగ్స్’ క్రైస్తవ పాటలు. బాగున్నాయి, నేను ఎక్కువ ఆగలేదు.

ఆగింది ఐదో పాట దగ్గర. ‘ది ఎర్త్ నెవర్ గెట్స్ ఫ్యాట్’. ఇది జులు సామెత: భూమి ఎప్పటికీ లావెక్కదు. ఎంతమందిని మింగినా, తరతరాలుగా మనుషుల్ని లోపలికి తీసుకుంటూనే ఉన్నా, దాని ఒళ్లు మాత్రం పెరగదు. సామెత చావు గురించి, ఏ కాలంలోనైనా సరిపోయేదే. కానీ 1987లో దక్షిణాఫ్రికా ఎమర్జెన్సీలో ఉంది. వీధుల్లో కాల్పులు, వారం వారం శవయాత్రలు. ఆ దేశంలో కూర్చుని ఈ సామెత పాడితే దానికి ఇంకో వివరణ అక్కర్లేదు. ఆల్బమ్ మొత్తం మీద ఎక్కడా పిడికిలి బిగించి నినాదం ఇవ్వరు. కొందరికి అది లోటు. నాకు ఈ పాట చాలు. నాలుగేళ్లకి, 1991 డిసెంబరులో, షబలాలా తమ్ముడు హెడ్‌మన్ ఒక తెల్ల సెక్యూరిటీ గార్డు తుపాకీకి బలయ్యాడు. ఈ పాటలో కింద వినిపించే గొంతుల్లో అతనిది ఒకటి. అది తెలిశాక ఈ పాట మళ్లీ మామూలుగా వినలేకపోయాను.

‘రెయిన్, రెయిన్, బ్యూటిఫుల్ రెయిన్’ వానని పిలిచే పాట. మన ఊళ్లల్లో కప్పతల్లి ఆడుతూ ఇల్లిల్లూ తిరిగే పిల్లల పాటలో తొందర ఉంటుంది, నీళ్లు గుమ్మరించే అల్లరి ఉంటుంది. ఇందులో తొందర లేదు, బుజ్జగింపు. బాణీ చాలా అందంగా ఉంది. కొత్తవాళ్లు దీంతో మొదలుపెట్టినా తప్పులేదు.

నాకు నచ్చనిది కూడా చెప్పాలి. ఇంగ్లిష్ లైన్లు. ‘హౌ లాంగ్?’ లాంటి చోట్ల మాట సాదాగా ఉండి పాటని కిందికి లాగుతుంది. జులులో పాడేటప్పుడు చప్పుళ్లూ అచ్చులూ కలిసి ఒక్క పదమే మూడు పనులు చేస్తుంది. ఇంగ్లిష్‌లోకి రాగానే అర్థం చెప్పే పని ఒక్కటే మిగిలి, అదీ పల్చగా ఉంటుంది. అమెరికా వాళ్లకి అందాలన్న లెక్క ఇందులో ఉందని నా అనుమానం. ఇంకోటి, రికార్డింగ్ మరీ శుభ్రంగా ఉంది. వీళ్ల పాత రికార్డులు విన్నవాళ్లకి ఆ హాస్టల్ గరుకుదనం ఇందులో కాస్త నున్నగా గీకేసినట్టు అనిపిస్తుంది. ఎనిమిదో పాట ‘దీజ్ ఆర్ ద గైజ్’లో మాత్రం ఆ శనివారం రాత్రి మళ్లీ వస్తుంది. పేరులోనే పోటీ వాసన: ఇదిగో, వీళ్లే వాళ్లు.

మనవాళ్లకి దీంతో దూరపు చుట్టరికం ఉంది. లేడీస్మిత్ ఉన్న నాటాల్‌కే 1860 నుంచి మద్రాసు ఓడల్లో చెరకు తోటలకి కూలీలు వెళ్లారు, వాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. అక్కడి ఆంధ్ర మహాసభ 1931 నుంచి ఉంది. ఇంకా దగ్గరి చుట్టరికం కావాలంటే, 2019లో నాని సింబాగా మాట్లాడిన ‘లయన్ కింగ్’లో ఆలీ, బ్రహ్మానందం పాత్రలు పాడే సింహం పాట ఉంది కదా, దాని మూలం 1939లో సోలమన్ లిండా అనే జులు పాటగాడు పాడిన ‘ఎంబూబే’. ఇసికతమియా తాతల పాట అది. ప్రపంచమంతా తిరిగిన ఆ పాటకి అతని చేతికి వచ్చింది చిల్లర. 1962లో పేదవాడిగానే పోయాడు. వారసులకి ఒప్పందం కుదిరింది 2006లో.

షబలాలా 2020 ఫిబ్రవరిలో చనిపోయాడు. అంతకుముందే కొడుకులు గ్రూపుని అందుకున్నారు. ఇదే ఆల్బమ్‌ని 2017లో కొత్త గొంతులతో మళ్లీ పాడారు, దానికీ గ్రామీ వచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టి విన్నాను. కొత్తదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు, కానీ నేను పాతదానికే వెళ్తాను. పెద్దాయన గొంతులో ఉన్న ఆ బతిమాలుడు అబ్బాయిలకి రాలేదు.

మార్కులు ఇవ్వమంటే పదికి ఎనిమిదిన్నర. ఆ ఒకటిన్నర ఇంగ్లిష్ లైన్లకి కోసేశాను.

ఒక్క జాగ్రత్త. రాత్రి వినండి, లైట్ తీసేసి. పదో పాట అవ్వగానే ఫోన్ తనంతట తాను ఇంకేదో మొదలుపెడుతుంది, మొన్న నాకు సరిగ్గా అప్పుడే ఒక తీన్మార్ బీట్ పడింది. ఆటోప్లే ముందే ఆపేసుకోండి.