ముందు శత్రువు, వెనక సముద్రం

సభకు నమస్కారం.

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటాం. ముట్టడిలో చిక్కిన రేవు పట్టణాన్ని కాపాడే సైన్యానికి ఈ సామెత సగమే వర్తిస్తుంది. ముందు శత్రువు ఉంటాడు. వెనక సముద్రం ఉంటుంది. ఓడ వస్తే ఆ సముద్రమే దారి, ఓడ రాకపోతే అదే గొయ్యి. 1941, 42 సంవత్సరాల్లో నల్లసముద్రం ఒడ్డున సోవియట్ తీర సైన్యం ఏడాది తిరగకముందే ఈ రెండింటినీ చూసింది. ఉక్రెయిన్ రేవు పట్టణం ఒదేసాలో సముద్రం దారి ఇచ్చింది. క్రిమియా ద్వీపకల్పంలోని సెవస్తోపోల్‌లో ఇవ్వలేదు. సైనికులు మాత్రం చాలావరకు వాళ్లే. మరి తేడా ఎక్కడ వచ్చిందన్నదే ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్న విషయం.

1941 జూన్ 22న జర్మనీ దాడి చేశాక, దక్షిణ సరిహద్దు నుంచి వెనక్కి తగ్గుతున్న దళాలను కూడగట్టి జూలైలో ఈ సైన్యాన్ని నిలబెట్టారు. రష్యన్‌లో దాని పేరు ప్రిమోర్స్కయా, అంటే సముద్రతీరానిది. పేరుకు సైన్యమే కానీ, మొదట్లో అందులో చెప్పుకోదగ్గవి 25వ చపాయెవ్ డివిజన్, 95వ డివిజన్, కొంత అశ్వికదళం. ఎదురుగా వచ్చింది జర్మనీ పక్షాన పోరాడుతున్న రుమేనియా 4వ సైన్యం. ఆగస్టు 5న ఒదేసా ముట్టడి మొదలైంది.

ఆ పట్టణానికి మంచినీళ్లు ద్నీస్టర్ నది నుంచి, బెల్యాయెవ్కాలోని పంపుల ద్వారా వచ్చేవి. ఆగస్టులోనే ఆ పంపులు శత్రువు చేతికి చిక్కాయి. జనం బావులు తవ్వారు, వెతికి పాత బావులు తెరిచారు, నీళ్లను కూడా కార్డుల మీద కొలిచి పంచుకున్నారు. ట్యాంకులు లేకపోతే కార్మికులు ట్రాక్టర్లకు ఓడల ఉక్కు రేకులు తొడిగి, పైన తుపాకులు బిగించి యుద్ధరంగానికి పంపారు. సైనికులు వాటికి పెట్టుకున్న పేరుకు అర్థం ‘భయపెట్టడానికి’. నిజంగానే చీకట్లో వాటి రొదకు శత్రువు బెదిరిన సందర్భాలున్నాయి.

రేవు పట్టణానికి రేవే గొంతు. సెప్టెంబరులో తూర్పు వైపు నుంచి రుమేనియా ఫిరంగులు నేరుగా రేవు మీదికే గుండ్లు కురిపించసాగాయి. ఓడ రేవులో నిలవలేకపోతే తిండి రాదు, గుండ్లు రావు, గాయపడినవాళ్లు బయటికి పోలేరు. అందుకే సెప్టెంబరు 22 తెల్లవారుజామున నౌకాదళ సైనికులు యుద్ధనౌకల మీద వచ్చి గ్రిగోర్యెవ్కా దగ్గర శత్రువు వెనక దిగారు. అదే ఉదయం ముందు నుంచి తీర సైన్యం విరుచుకుపడింది. శత్రువు కొన్ని కిలోమీటర్లు వెనక్కి పోయాడు, రేవు మళ్లీ ఊపిరి పీల్చుకుంది. నేల మీది సైన్యం, నీటి మీది నౌకాదళం ఒకే చేతి రెండు వేళ్లలా కదిలిన రోజది.

అయినా ఒదేసాలో ఈ సైన్యం చేసిన అతి గొప్ప పని పోరాటం కాదని నా అభిప్రాయం. అది వెళ్లిపోవడం. క్రిమియాకు ముప్పు ముంచుకొచ్చేసరికి సెప్టెంబరు చివరలో ఒదేసాను ఖాళీ చేయమని మాస్కో ఆదేశించింది. అక్టోబరు 5న సైన్యాధిపతిగా బాధ్యత తీసుకున్నవాడు జనరల్ ఇవాన్ పెత్రోవ్. ముక్కుమీద చిన్న కళ్లద్దాలు, ఉద్రేకపడితే అదిరే తల, కందకాల వెంట స్వయంగా తిరిగే అలవాటు. విడతలు విడతలుగా తగ్గితే చివరి విడత దళాలు నలిగిపోతాయి. అందుకే ప్రధాన దళాలన్నిటినీ ఒకే రాత్రి ఓడలెక్కించాలని నిర్ణయించారు. అక్టోబరు 15 రాత్రి వెనక మిగిలిన చిన్న దళాలు కాల్పులు ఆపకుండా ఉండగా, దాదాపు 35 వేలమంది రేవుకు నడిచి ఓడలెక్కారు. తెల్లవారేసరికి కందకాలు ఖాళీ. శత్రువు ఆ సంగతి ఆలస్యంగా గుర్తించి, 16న పట్టణంలో అడుగుపెట్టాడు. 73 రోజుల ముట్టడి అలా ముగిసింది.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. ఓడలు సైన్యాన్ని తీసుకుపోయాయి, పట్టణం మిగిలిపోయింది. వారం తిరగకముందే, రుమేనియా సైనిక కార్యాలయంలో సోవియట్ మందుపాతర పేలిందన్న కారణం చూపి, ఆక్రమణదారులు యూదులను ఉరితీశారు, కాల్చారు, గోదాముల్లో నిర్బంధించి తగలబెట్టారు. వేలకు వేలమంది బలయ్యారు. ఒదేసా నుంచి సైన్యం చెక్కుచెదరకుండా బయటపడిందని మెచ్చుకునే ప్రతిసారీ ఆ గోదాములు నా కళ్లముందు మెదులుతాయి.

క్రిమియా చేరిన సైన్యానికి విశ్రాంతి లేదు. మాన్‌స్టైన్ నాయకత్వంలోని జర్మన్ 11వ సైన్యం అక్టోబరు చివర ఉత్తరాన దారి చీల్చుకుంది. పెత్రోవ్ దళాలు కొండదారుల్లో చుట్టు తిరిగి సెవస్తోపోల్ చేరాల్సి వచ్చింది. ఆ లోపు పట్టణాన్ని నిలబెట్టినవాళ్లు నావికులు, నౌకాదళ విద్యార్థులు, తీర ఫిరంగుల సిబ్బంది. అక్టోబరు 30న 54వ నంబరు తీర ఫిరంగిదళం పేల్చిన గుండ్లతో 250 రోజుల పోరు మొదలైంది. నవంబరు 7న ‘ఆర్మేనియా’ అనే ఓడను జర్మన్ విమానాలు ముంచేశాయి. గాయపడినవాళ్లు, పౌరులు, వైద్య సిబ్బంది కలిపి వేలమంది మునిగిపోయారు. ముట్టడి మొదటి వారాల్లోనే పట్టణాన్ని కాపాడేవాళ్లు ఎందరో వైద్యులను పోగొట్టుకున్నారన్నమాట.

డిసెంబరు 17న మొదలైన రెండో దాడిలో ఉత్తర వైపు రక్షణ తెగేదాకా వచ్చింది. ఆ క్షణంలో యుద్ధనౌకల మీద 79వ నౌకాదళ బ్రిగేడ్ దిగింది. దిగినవాళ్లు దిగినట్టే పోరులోకి పోయారు. కొద్దిరోజులకు క్రిమియా తూర్పు కొసన కెర్చ్, ఫెయొదోసియాల దగ్గర సోవియట్ దళాలు దిగడంతో జర్మన్లు దాడి ఆపారు. అప్పటికింకా సముద్రం దారిగానే ఉంది. సెవస్తోపోల్ పక్కనే ఉన్న ఇంకెర్మాన్ ద్రాక్షసారా గుహల్లో ఆసుపత్రులు, కార్ఖానాలు నడిచాయి. 1942 ఏప్రిల్ 6న మన విశాఖ, కాకినాడల మీద జపాన్ విమానాలు బాంబులు వేసిన నాటికి సెవస్తోపోల్ అయిదు నెలలుగా ముట్టడిలో ఉంది.

మేలో కెర్చ్ కూలింది. అక్కడి జర్మన్ బలమంతా, ముఖ్యంగా విమానాలు, సెవస్తోపోల్ వైపు తిరిగాయి. జర్మన్ల 800 మిల్లీమీటర్ల డోరా ఫిరంగి గురించి అందరూ కథలుగా చెబుతారు. నా దృష్టిలో పట్టణాన్ని చంపింది డోరా కాదు, ఓడల దారిని కాపుకాసిన విమానాలు. గుండ్లు అయిపోతున్న ఫిరంగికి ధైర్యం గుండుగా మారదు కదా. జూన్ 26 రాత్రి ‘తాష్కెంత్’ నౌక వచ్చి రెండువేలకు పైగా మనుషులను, మంటల్లో దెబ్బతిన్న పనోరమా, అంటే సెవస్తోపోల్ పాత ముట్టడిని చూపే భారీ వలయ చిత్రపటం, ముక్కలను తీసుకుపోయింది. ఆ తరువాత అంత పెద్ద నౌక మరొకటి రాలేదు.

జూన్ 30 రాత్రి మాస్కో అనుమతితో పై అధికారులను తరలించారు. రక్షణ ప్రాంతాధిపతి అడ్మిరల్ అక్త్యాబ్ర్‌స్కీ విమానంలో, పెత్రోవ్ జలాంతర్గామిలో వెళ్లిపోయారు. ఖెర్సొనెస్ దగ్గర, నేల సముద్రంలోకి పొడుచుకు వచ్చిన చివరన, పదుల వేలమంది సైనికులు మిగిలారు. వాళ్ల బాధ్యత జనరల్ నోవికోవ్ మీద పడింది. ఆయన పట్టుబడి 1944లో జర్మన్ చెరలోనే మరణించాడు. మిగిలినవాళ్లు 35వ ఫిరంగిదళం చుట్టూ, కొండచరియల కింద, మంచినీళ్లు లేని ఎండలో ఓడల కోసం ఎదురుచూశారు. కొన్ని చిన్న పడవలు వచ్చాయి. అంతే. ఒదేసాలో వెళ్లిపోవడానికి పథకం వేసిన సైన్యానికి, సెవస్తోపోల్‌లో వెళ్లిపోయే మాటే పైవాళ్లు చివరిదాకా ఎత్తనివ్వలేదు. పథకం ఉన్నా ఆ విమానాల కింద అందరూ బయటపడేవారని నేను అనను. కానీ వేలమందైనా దక్కేవారని నమ్ముతాను. ఆ ఒడ్డున ఎదురుచూసినవాళ్ల గురించి ఆ తరువాత దశాబ్దాల పాటు పతకాల ప్రసంగాల్లో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. అందుకే ఇవాళ ఇంతసేపు మాట్లాడాను.

1942 జూలైలో తీర సైన్యాన్ని రద్దు చేశారు. 1943 నవంబరులో అదే పేరుతో కెర్చ్ దగ్గర మళ్లీ నిలబెట్టి, మొదట పెత్రోవ్‌కే అప్పగించారు. 1944 ఫిబ్రవరిలో ఆయనను తప్పించారు. మే 9న సెవస్తోపోల్ విముక్తమైనప్పుడు తీర సైన్యం అక్కడ ఉంది, ఆయన లేడు. ఓడిన జర్మన్ సైనికులు వెనక్కి తగ్గుతూ తగ్గుతూ చివరికి అదే ఖెర్సొనెస్ ఒడ్డుకు చేరి, మే 12 దాకా సముద్రం వైపు చూస్తూ తమ ఓడల కోసం ఎదురుచూశారు.