తెర మీద నాడి దొరకదు

అందరికీ నమస్కారం.

ఒక నాయకుడు మైకు ముందు కాస్త తడబడితే చాలు, సాయంత్రానికల్లా ఆయనకు ఏ జబ్బో చెప్పేవాళ్లు వంద మంది తయారవుతారు. మతిమరుపు మొదలైందని ఒకరు, పిచ్చి ముదిరిందని ఇంకొకరు. చదువుకున్న డాక్టర్లు కూడా ఈ పని చేశారు. ఆ కథ చెబుతాను.

1964లో బారీ గోల్డ్‌వాటర్ అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేశారు. ‘ఫ్యాక్ట్’ అనే పత్రిక 12,356 మంది మానసిక వైద్యులకు ఉత్తరాలు రాసి, ఈయన మానసికంగా ఆ పదవికి తగినవాడేనా అని అడిగింది. 2,417 మంది జవాబిచ్చారు. అందులో 1,189 మంది తగడన్నారు. ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడకుండానే కొందరు స్కిజోఫ్రెనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు పేరు దాకా వెళ్లారు, తల్లి పెంపకాన్ని కూడా వదల్లేదు. గోల్డ్‌వాటర్ పరువునష్టం దావా వేసి గెలిచారు. 75,000 డాలర్లు వచ్చాయి. 1973లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ ఒక నియమం పెట్టింది: స్వయంగా పరీక్షించకుండా, ఆ వ్యక్తి అనుమతి లేకుండా, ప్రజాజీవితంలో ఉన్నవారి మానసిక స్థితి గురించి వైద్యులు వృత్తిపరమైన అభిప్రాయం చెప్పకూడదు. జనం దాన్నే గోల్డ్‌వాటర్ రూల్ అంటారు.

ప్రమాదం కళ్లెదుట కనిపిస్తుంటే డాక్టరు నోరు మూసుకోవాలా అని అడిగేవాళ్లున్నారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కానీ నాయకుడు అబద్ధం చెప్పాడా, హింసకు ఉసిగొల్పాడా, చట్టం మీరాడా అన్నది తెలుసుకోవడానికి రోగనిర్ధారణ అక్కర్లేదు. పైగా జబ్బు పేరు పెట్టగానే తప్పు తేలికైపోతుంది. తెలిసి చేసినదానికి కూడా ‘పాపం, ఆయన మనసు బాగాలేదు’ అనే సాకు దొరుకుతుంది.

నిజంగానే నాయకుడు పని చేయలేని స్థితికి వస్తే? 1919లో అమెరికా అధ్యక్షుడు వుడ్రో విల్సన్‌కు పక్షవాతం వచ్చినప్పుడు ఆ సంగతి ఎంత తీవ్రమో ప్రజలకు తెలియనివ్వలేదు. అదీ తప్పే. 1967లో వచ్చిన అమెరికా 25వ రాజ్యాంగ సవరణ ప్రకారం, అధ్యక్షుడు బాధ్యతలు నిర్వహించలేడని ఉపాధ్యక్షుడు, మంత్రివర్గంలో మెజారిటీ సభ్యులు కలిసి రాతపూర్వకంగా ప్రకటించవచ్చు. రోజూ ఆయనతో పనిచేసేవాళ్లు బాధ్యత తీసుకుని చెప్పే మాట అది. వీడియో ముక్క చూసి మనం చేసే ఊహ అలాంటిది కాదు.

నన్ను ఎక్కువగా కలచివేసేది మరొకటి. మనం నాయకుడి మీదికి విసిరే ‘డిప్రెషన్’, ‘బైపోలార్’ అనే మాటలు, ఇదే హాల్లో మందులు వాడుతూ ఉద్యోగం చేసుకుంటున్న మనిషికి తగులుతాయి. బయటికి చెబితే తన గతీ ఇంతేనని అతను భయపడతాడు. ఆ భయం ఉత్తది కాదు. 1972లో అమెరికా సెనేటర్ థామస్ ఈగల్టన్ డిప్రెషన్‌కు ఆసుపత్రిలో చికిత్స తీసుకున్నారని బయటపడింది. ఉపాధ్యక్ష అభ్యర్థిగా 18 రోజులే నిలిచి తప్పుకోవాల్సి వచ్చింది. అదే మనిషి ఆ తర్వాత 1987 దాకా సెనేటర్‌గా పనిచేశారు.

1998లో నార్వే ప్రధాని షెల్ మాగ్నె బోందెవిక్ తనకు డిప్రెషన్ వచ్చిందని తానే దేశానికి చెప్పి, కొన్ని వారాలు సెలవు పెట్టారు. కోలుకుని పనిలోకి వచ్చారు. 2001లో మళ్లీ ప్రధాని అయ్యారు.