పేరు చెప్పకుండా వెళ్ళిపోయినవాళ్ళు

నిర్వాహకురాలు: శ్రోతలకు నమస్కారం. ఆపదలో ఎవరో వచ్చి ఆదుకున్న తరువాత దేవుడి మీద, సాటి మనిషి మీద మన నమ్మకం ఎలా మారుతుందన్నది ఈనాటి విషయం. పెన్న ఒడ్డున, కోవూరు మండలంలోని ఒక పల్లెలో చాలాకాలం లెక్కలు చెప్పి ఉద్యోగ విరమణ చేసిన మాస్టారు మనతో ఉన్నారు. మాస్టారూ, 2021 నవంబరు వరదలో మీ ఇంట్లో ఏం జరిగిందో చెబుతారా?

మాస్టారు: చెబుతానమ్మా. కార్తిక పౌర్ణమి సమయంలో, నవంబరు 19న, కడప జిల్లాలో చెయ్యేటి మీదున్న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ నీళ్ళు పెన్నలో కలిసి, సోమశిల జలాశయం దాటి మా మీదికి వచ్చాయి. పడుగుపాడు దగ్గర జాతీయ రహదారి కోసుకుపోయింది, రైలు కట్ట కూడా దెబ్బతిన్నది. నెల్లూరు ఆసుపత్రులు ఏటికి ఆవలే ఉన్నా, చేరే దారి లేకుండా పోయింది. మా అమ్మకు ఆయాసం. నీళ్ళు గడప దాటి మంచం కోళ్ళను అందుకునే సరికి ఆమెకు ఊపిరి అందడం లేదు.

నిర్వాహకురాలు: అప్పుడు ఎవరొచ్చారు?

మాస్టారు: ముక్కూ మొహం తెలియని కుర్రవాళ్ళు కొందరు పక్క ఊరి నుంచి వచ్చారమ్మా. అమ్మను నులక మంచం మీద పడుకోబెట్టి, మంచాన్ని భుజాలకెత్తుకున్నారు. వాళ్ళలో ఒకడు ఇన్‌హేలరు, మాత్రలు ఉన్న సంచి తడవకుండా దాన్ని తువ్వాలుతో నెత్తికి కట్టుకుని, ముందు నడుస్తూ, ఎక్కడ గుంత ఉందో కర్రతో తడిమి చూసి, "ఎడమకు రండన్నా" అంటూ వెనకవాళ్ళకు దారి చెబుతూ వచ్చాడు. ఛాతీ లోతు నీళ్ళలో నా చూపంతా ఆ తువ్వాలు మూట మీదే ఉంది.

రోడ్డెక్కితే ఎక్కడి లారీలు అక్కడే నిలిచి ఉన్నాయి. తెలుగు రాని ఒక డ్రైవరు అమ్మ వణుకు చూసి, క్యాబిన్లో పొయ్యి వెలిగించి నీళ్ళు కాచి ఇచ్చాడు, తాను కప్పుకునే రగ్గు తెచ్చి ఆమెకు కప్పాడు. ముందుకూ వెనక్కూ దారి లేక, తన తిండికే దిక్కు తెలియని స్థితిలో ఉన్న మనిషి చేసిన పని అది.

నిర్వాహకురాలు: దాంతో మీకు దేవుడి మీద నమ్మకం కుదిరిందా?

మాస్టారు: అమ్మ దారి పొడవునా రంగనాయకులస్వామిని తలుచుకుంటూనే ఉంది. ఆ కుర్రవాళ్ళే స్వామి అని ఈనాటికీ అంటుంది. నేను అంతగా పూజలు చేసిన మనిషిని కాదు. వరద ఆగాలని నేనూ మొక్కాను, ఆగలేదు. కానీ ఆ మనుషులూ ఆగలేదు. నా నమ్మకం అక్కడ మొదలైంది. అయితే ఒక మాట చెప్పాలి. చెయ్యేటి ఒడ్డున అదే వరదలో అయినవాళ్ళను పోగొట్టుకున్న కుటుంబాల ముందు నిలబడి, దేవుడు మమ్మల్ని ప్రత్యేకంగా చూశాడని అనడానికి నాకు నోరు రాదు. మాకు దక్కినదానికి కృతజ్ఞుణ్ణి. దాన్ని మా పుణ్యం ఖాతాలో వేసుకోను.

నిర్వాహకురాలు: వాళ్ళ పేర్లు కూడా మీకు తెలియవు. ఆ ఋణం ఎలా తీరుతుంది?

మాస్టారు: మన నెల్లూరులోనే దానికి దారి ఉందమ్మా. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో నిలబడి, కోరిక తీరినవాళ్ళు అదే కోరికతో వచ్చిన కొత్తవాళ్ళకు రొట్టె ఇస్తారు. ఆరోగ్య రొట్టె ఇచ్చే చేయి ఎవరిదో, పుచ్చుకునేవాళ్ళు అడగరు. ఏ మతమని కూడా అడగరు. నేను రక్తం ఇవ్వడం మొదలుపెట్టింది ఆ ఆలోచనతోనే. నెల్లూరు రెడ్‌క్రాస్ రక్తనిధిలో నేనిచ్చిన రక్తం ఎవరికి ఎక్కుతుందో నాకు తెలియదు. ఆరోగ్యవంతులు 18 ఏళ్ళ నుంచి 65 ఏళ్ళ దాకా ఇవ్వవచ్చు. మగవాళ్ళు 3 నెలలకొకసారి, ఆడవాళ్ళు 4 నెలలకొకసారి.

నిర్వాహకురాలు: రోడ్డు ప్రమాదాల్లో సాయం చేయడానికి మాత్రం చాలామంది పోలీసులంటే జంకుతారు.

మాస్టారు: మా వైపు రహదారి మీద ఆ జంకు వల్ల విలువైన సమయం పోతోంది, అందుకే గట్టిగా చెబుతున్నాను. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 134ఏ సెక్షన్ ప్రకారం, ప్రమాదంలో గాయపడినవారికి స్వచ్ఛందంగా, మంచి ఉద్దేశంతో సాయం చేసినవారి మీద సివిల్, క్రిమినల్ బాధ్యత ఉండదు. పేరు చెప్పమని కూడా బలవంతం చేయకూడదు. కాబట్టి 108కి ఫోను చేసి, బండి వచ్చేదాకా గాయపడినవారి పక్కనే ఉండండి, వాళ్ళతో మాట్లాడుతూ ఉండండి.