తేలు కుట్టినా నోరు మెదపనివాళ్ళం

(విశాఖపట్నం ద్వారకానగర్‌లో ఒక ఆదివారం కొందరు కూర్చుని తమ గాయాల, నొప్పుల అనుభవాలు చెప్పుకున్న సభలో ఒక ఫిజియోథెరపిస్టు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

ఇందాక ఫిషింగ్ హార్బర్ నుంచి వచ్చిన అక్క మాట్లాడి కూర్చున్నాక ఈ హాల్లో కాసేపు ఎవరూ కదల్లేదు. చేపలు ఏరుతుంటే జెల్ల ముల్లు బొటనవేలి మొదట్లో దిగిపోయిందని, "చెయ్యి నరికీండర్రా" అని అరిచానని చెప్పింది. చూస్తే అగ్గిపుల్లంత ముల్లు. కానీ జెల్ల ముల్లుకి విషం ఉంటుంది. ఆ విషం వేడికి చెడిపోతుంది. వాళ్ళ అత్తగారు గిన్నెడు వేడినీళ్ళు తెచ్చి అందులో చెయ్యి పెట్టించింది చూశారా, వైద్యం చెప్పేదీ అదే. ఓర్చుకోగలిగినంత వేడి, 45 డిగ్రీలు దాటకుండా, అరగంట నుంచి గంటన్నర దాకా. ముందు మంచి చేతిని ముంచి చూసుకోవాలి, ఎందుకంటే నొప్పిలో ఉన్న చేతికి వేడి తెలియదు, బొబ్బలెక్కిపోతుంది. ఆ తర్వాత ఆసుపత్రికి వెళ్ళి లోపల ముల్లు ముక్క మిగిలిందేమో చూపించుకోవాలి, టెటనస్ ఇంజెక్షన్ వేయించుకోవాలి.

ఆమె తర్వాత వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచారు. "నాదేముందిలెండి, చిన్నదే" అని మళ్ళీ కూర్చుండిపోయారు. నేను రాసుకొచ్చిన ప్రసంగం వేరే ఉంది. ఆ "చిన్నదే" అన్న మాట విన్నాక ఆ కాగితాలు పక్కన పెట్టేశాను.

ముందు నా సంగతి చెబుతాను. ఈ ఎడమ చెయ్యి చూడండి. రెండు ఆపరేషన్లయ్యాక కూడా వేళ్ళు పూర్తిగా చాపలేను. గ్లాసు పట్టుకుంటాను, చొక్కా బొత్తాం పెట్టుకోలేను. ఇరవై ఆరేళ్ళుగా మీలాంటివాళ్ళ కాళ్ళూ చేతులూ వంచుతున్నది ఈ చేతితోనే.

అప్పుడు నాకు పదకొండేళ్ళు. ఆనందపురం అవతల మా పల్లెలో నేరేడు చెట్టు మీంచి పడ్డాను. మోచేతికి కాస్త పైన ఎముక విరిగింది. ఊళ్ళో కట్లు కట్టే ఆయన కోడిగుడ్డు సొనలో మినప్పిండి కలిపి పట్టించి, వెదురు బద్దలు పెట్టి, గుడ్డతో బిగించి కట్టాడు. మంచివాడు, మా దగ్గర పైసా తీసుకోలేదు. ఆ రాత్రి మొదలైంది. ఎముక విరిగినప్పటి నొప్పి దీని ముందు లెక్కలోకి రాదు. తడిబట్ట పిండినట్టు ముంజేతిని ఎవరో లోపల్నుంచి పిండేస్తున్నారు. వేళ్ళు ఉబ్బి అరటికాయల్లా అయ్యాయి. ఎవరైనా వేలు కాస్త చాపబోతే ప్రాణం లేచిపోయేది. ఏడిస్తే మా నాన్న, "మగపిల్లాడివిరా, ఓర్చుకో. కట్టన్నాక బిగువుంటుంది" అన్నాడు. అమ్మ విప్పేద్దామంది. ఆవిడ మాట ఎవరూ వినలేదు. రెండో రోజు సాయంత్రానికి నేను అరవడం మానేశాను. అరిచినప్పుడల్లా నాన్న ముఖం చిన్నబోతోంది, అందుకు. మూడో రోజు నొప్పి తగ్గింది. ఇల్లంతా సంతోషించింది. నాయనమ్మ సింహాచలం అప్పన్నకి కొబ్బరికాయ మొక్కుకుంది.

నొప్పి తగ్గడం అంటే ఏమిటో నాకు ఫిజియోథెరపీ చదివేటప్పుడు అర్థమైంది. నొప్పిని మోసుకెళ్ళే నరాలే అప్పటికి చచ్చుబడ్డాయి.

మన కండల చుట్టూ సాగని గట్టి పొర ఒకటి ఉంటుంది. దెబ్బకి లోపల వాపు వస్తే, పైన కట్టు కూడా బిగుతుగా ఉంటే, ఆ వాపుకి పోయే దారి లేక లోపల ఒత్తిడి పెరిగిపోతుంది. కండకి నెత్తురు అందదు. ఆరు గంటలు అలా గడిస్తే కండ, నరం మళ్ళీ కోలుకోలేనంతగా చెడిపోవచ్చు. చచ్చిన కండ తర్వాత బిగుసుకుపోయి వేళ్ళని లోపలికి లాగేస్తుంది. జర్మనీ సర్జన్ రిచర్డ్ వోక్‌మన్ 1881లోనే దీన్ని వివరంగా రాశాడు. అంటే నేను చెట్టు మీంచి పడేటప్పటికి ఈ సంగతి తెలిసి వందేళ్ళు దాటింది. పల్లెలో కట్టే బద్దల కట్టుకే ఇలా అవుతుందనుకోకండి. ఆసుపత్రిలో వేసిన సిమెంటు కట్టు కింద కూడా అవుతుంది, కట్టే లేకుండా కాలి మీద బరువు పడి నలిగినా అవుతుంది. దెబ్బకి తగనంత నొప్పి, మాత్ర వేసినా లొంగని నొప్పి, వేలు చాపితే ఎగిరిపడే నొప్పి, ఆపైన తిమ్మిరి. వీటిలో ఏది కనబడినా అర్ధరాత్రయినా సరే, కట్టు వదులు చేయించడానికి పరుగెత్తండి. నాడి కొట్టుకుంటోంది కదా అని ఆగకండి. నాడి ఆడుతుండగానే కండ చచ్చిపోగలదు.

ఇక్కడ గమనించండి. ఈ జబ్బుని అందరికంటే ముందు పట్టేది ఏ యంత్రమూ కాదు, ఆ పిల్లాడి ఏడుపు. మేం ఆ ఏడుపు మాన్పించాం.

తేలు కుట్టిన దొంగలా ఉన్నాడు అంటాం. దొంగతనానికి వచ్చినవాడు అరవలేడు, పట్టుబడతాడు. మనం ఏ దొంగతనానికి వచ్చామని నోరు మూసుకుంటున్నాం? ఎర్రతేలు కుడితే దొంగ నోరు మూసుకున్నా ఒళ్ళు ఊరుకోదు. ఒళ్ళంతా చెమటలు, చేతులూ కాళ్ళూ చల్లబడటం, గుండె దడ, ఆపైన ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రాణం మీదికి వస్తుంది. మహారాష్ట్రలో మహాడ్ అనే చిన్న ఊళ్ళో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ అలాంటి రోగుల పక్కనే రాత్రిళ్ళు కూర్చుని, గమనించింది గమనించినట్టు రాసి, రక్తపోటుకి వాడే ప్రజోసిన్ మాత్ర తేలుకాటుకి పనిచేస్తుందని చూపించారు. ఆ మాత్రతో ఎన్నో ప్రాణాలు నిలిచాయి. 2022లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. కుట్టించుకున్నవాడి ఒంటి మీద ఏం జరుగుతోందో ఓపిగ్గా చూసిన మనిషి ఆయన.

మగాడికి ఓర్పు, ఆడదానికి ఇంకా ఓర్పు. పురుడు పోసుకుని వచ్చిన అమ్మాయి "చాలా నొప్పేసిందమ్మా" అంటే, "మేం నలుగుర్ని కనలేదా" అంటాం. ఆ పిల్ల ఇక పెదవి విప్పదు. నెల తర్వాత కూర్చోలేకపోతున్నా చెప్పదు. కుట్ల దగ్గర చీము పట్టిన సంగతి జ్వరం వచ్చాకే బయటపడుతుంది. ఇలాంటి అమ్మాయిల్ని నేను చాలామందిని చూశాను.

సరే, చెప్పాలి. ఎలా చెప్పాలి? ఆసుపత్రుల్లో సున్నా నుంచి పది దాకా ఎంత అని అడుగుతాం. పనికొచ్చే పద్ధతే. కానీ మోకాళ్ళ నొప్పులతో నా దగ్గరికి వచ్చే ఒక ముసలమ్మ ఆ ప్రశ్నకి ఎన్నిసార్లు అడిగినా తల అడ్డంగా ఊపేది. ఒకరోజు తనే, "రూపాయికి పన్నెండణాలు తగ్గింది బాబూ" అంది. ఇంతకంటే స్పష్టంగా ఏ చదువుకున్నవాడు చెబుతాడు? ఆరోజు నుంచి మా గదిలో అణాల్లో కూడా రాసుకుంటున్నాం.

1975లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో రోనాల్డ్ మెల్జాక్ అనే ఆయన నొప్పికి వాడే 78 మాటల్ని 20 గుంపులుగా పేర్చి ఒక ప్రశ్నావళి తయారుచేశాడు. రోగి ఏ మాట ఎంచుకుంటాడన్నది రోగం గురించి ఎంతో చెబుతుంది. నేను దాన్ని మొదట చదివినప్పుడు నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఆవిడ ఏ నొప్పినీ ఉత్త నొప్పి అని ఎరగదు. పన్ను సలుపుతుంది. తల పోటు. కాళ్ళు పీకుతాయి, నడుము కలుక్కుమంటుంది, కడుపు మెలిపెడుతుంది, పుండు చురుక్కుమంటుంది, మెడ పట్టేస్తుంది. ఒక్కో మాట వెనక ఒక్కో శరీరధర్మం ఉంది. సలపడం అంటే గుండె కొట్టుకున్నప్పుడల్లా కొట్టుకునే నొప్పి. పంటి కింద చీము చేరితే అలా ఉంటుంది. వచ్చి, మెలిపెట్టి, కాస్త వదిలి, మళ్ళీ మెలిపెట్టడం పేగుదో మూత్రనాళంలో రాయిదో. పిరుదు నుంచి మడమ దాకా జివ్వున లాగితే నడుము దగ్గర నరం నలుగుతోందేమో చూడాలి. నడుముకి ఒక పక్కనే పట్టీలా మంట, చొక్కా తగిలినా భగ్గుమనడం, రెండు మూడు రోజులకి పొక్కులు, అది అక్కి. దానికి జాజు పూయించుకుంటూ కూర్చోకండి, పొక్కులు లేచిన మూడు రోజుల్లోపల మందు మొదలుపెడితే మేలు. ఇక ఛాతీ మీద రోలు పెట్టినట్టుంది, ఎడమ చెయ్యి బరువెక్కింది అంటే అది గ్యాసు అని సోడా తాగి పడుకునే రకం కాదు.

ఇందాక ఆటో నడిపే తమ్ముడు చెప్పింది కూడా ఇలాంటిదే. కుర్రతనంలో వెల్డింగ్ పనికి వెళ్ళి, అద్దం పెట్టుకోకుండా రోజంతా దగ్గరున్నాడు. పగలు ఏమీ లేదు. అర్ధరాత్రి కళ్ళలో ఇసుక పోసి రుద్దినట్టు లేచి గోడకి తల కొట్టుకున్నాడు. ఆ వెలుగులోని అతినీలలోహిత కిరణాలు కంటి పైపొరని కాలుస్తాయి, నొప్పి గంటల తర్వాత వస్తుంది. అందుకే ఏ పని వల్ల వచ్చిందో చాలామందికి తట్టదు. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. కంట్లో చనుబాలు, ఆకు పసరు వేయకుండా కంటి డాక్టరుకి చూపించుకోవాలి.

గోరుచుట్టు మీద రోకటిపోటు. ఈ సామెత కష్టాలకి వాడతాం గానీ, కనిపెట్టినవాడికి నొప్పి బాగా తెలుసు. వాచిన చోట నరాల కొసలు మేలుకుని ఉంటాయి, మామూలప్పుడు తగిలినా తెలియనిది అప్పుడు పోటవుతుంది. నెలల తరబడి నొప్పి పడ్డవాడికి వెన్నుపాము, మెదడు కూడా అలాగే మేలుకుని కూర్చుంటాయి. అప్పుడు స్కానింగులో ఏమీ కనబడదు. "నీకేం లేదు" అంటారు. ఆ మాట రోకటిపోటే. నొప్పి మీద పరిశోధన చేసే అంతర్జాతీయ సంఘం 2020లో తన నిర్వచనాన్ని సవరించుకుంటూ, నొప్పిగా ఉందని మనిషి చెబితే ఆ మాటని గౌరవించాలని రాసుకుంది. దాని అర్థం అబద్ధాలు నమ్మమని కాదు, ఆ మాట దగ్గర నుంచే వైద్యం మొదలుపెట్టమని.

ఈ సభలో ఒకటి నాకు నచ్చలేదు, చెప్పేస్తాను. కిడ్నీలో రాయి గురించి ఒకాయన చెబుతుంటే పక్కనుంచి ఒకావిడ "పురిటి నొప్పి ముందు అదెంత" అన్నారు. ఆయన ఆగిపోయారు. ఎవరిది ఎక్కువ అని తూచే తక్కెడ లేదండి. 1944లో ఇటలీలోని ఆన్జియో దగ్గర యుద్ధంలో హెన్రీ బీచర్ అనే అమెరికా డాక్టరు చూశాడు, ఒళ్ళు ఛిద్రమైన సైనికుల్లో చాలామంది నొప్పి మందు అక్కర్లేదన్నారు. వాళ్ళకి ఆ గాయం అంటే ప్రాణాలతో యుద్ధభూమి దాటడం. మన దగ్గర దీన్ని తిరగేసి చూడండి. జీతం వచ్చే ఉద్యోగికి కాలు విరగడం వేరు, రేపు పనికి వెళితేనే రేపటి బియ్యం వచ్చే కాంట్రాక్టు కూలీకి అదే కాలు విరగడం వేరు. ఆ రెండో కాలు ఎక్కువ నొప్పెడుతుంది. ఎముక ఒక్కచోటే విరిగినా సరే.

1933లో రేవు, 1941లో షిప్‌యార్డు, ఆ తర్వాత రిఫైనరీ, ఉక్కు. ఈ ఊరు ఒళ్ళు వంచి కట్టిన ఊరు. ఒంటికి దెబ్బ తగలని ఇల్లు మన పేటల్లో తక్కువ. కానీ దెబ్బ తగిలిందని చెబితే రేపట్నుంచి రావద్దంటారని భయం. వేలు నలిగినా గుడ్డ చుట్టుకుని షిఫ్టు పూర్తిచేసి వచ్చినవాళ్ళని చూశాను. ఇక కనబడని దెబ్బలు. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలోని ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషపు గ్యాసు లీకై, జనం నిద్రలోంచి లేచి పరుగెత్తుతూ దారిలోనే పడిపోయారు. పన్నెండు మంది పోయారు. బతికినవాళ్ళ ఒంటి మీద చూపించడానికి మచ్చ లేదు. మచ్చ లేనివాళ్ళని ఎవరు అడుగుతారు? మనమే అడగాలి.

అడిగాక ఏం చెయ్యాలంటారా? మధ్యలో మన కథ ఎత్తుకోకూడదు. ఎక్కడ, ఎప్పటి నుంచి, ఎలాంటి నొప్పి, ఏం చేస్తే పెరుగుతుంది, రాత్రి నిద్ర పడుతోందా, ఇవి అడిగి ఆగాలి. జవాబుకి టైము పడుతుంది. ఆ టైము ఇవ్వాలి.

మా నాన్న పోవడానికి ఏడాది ముందు ఒకరోజు మంచం మీద కూర్చుని ఈ చెయ్యి తన చేతుల్లోకి తీసుకున్నాడు. "ఆ రాత్రి విప్పేయాల్సింది రా" అన్నాడు. ముప్ఫై ఏళ్ళు ఆ మాట లోపలే ఉంచుకున్నాడు. ఊళ్ళో అందరి నొప్పులూ అడిగేవాణ్ణి, ఆయన్ని ఒక్కసారి అడగలేదు.

వెనక వరసలో తెల్లచొక్కా పెద్దాయనా, మీరు ఇందాక లేచి కూర్చుండిపోయారు. మైకు మీ దగ్గరికి పంపిస్తున్నాను. లేవక్కర్లేదు, కూర్చునే చెప్పండి. మాకు తొందరేం లేదు.