సివిక్స్‌కి ట్యూషనా అని నవ్వకండి

శ్రోతలందరికీ నమస్కారం. ఇంటర్లో సివిక్స్ తీసుకున్న పిల్లలకి మంచి ట్యూషన్ మాస్టారు ఎక్కడ దొరుకుతారు, దొరికిన మనిషి పనికొస్తారో లేదో ఎలా తేల్చుకోవాలి, ఈ పూట దాని గురించి మాట్లాడుకుందాం. సివిక్స్‌కి కూడా ట్యూషనేంటండీ, కూర్చుని చదివితే వచ్చేస్తుంది కదా అనేవాళ్ళు చాలామంది ఉన్నారు. అలా అన్నవాళ్ళే సంక్రాంతి సెలవులు అయిపోగానే టెన్షన్ పడుతూ ఫోన్ చేస్తారు, "సార్, మా వాడికి ఏదో ఒకటి చెయ్యండి" అని. జూనియర్ కాలేజీలో చాలాకాలం ఈ సబ్జెక్టే చెప్పాను కాబట్టి ఆ ఫోన్లు నాకు బాగా అలవాటు.

జూన్ నెలలో ఏ ఊరి సెంటర్లోనైనా నిలబడి చూడండి. ఫ్లెక్సీలన్నీ ఎంపీసీ, బైపీసీ వాళ్ళవే. ర్యాంకులు, నవ్వుతున్న పిల్లల ముఖాలు, కింద ఫోన్ నంబర్లు. సివిక్స్ ఉండే సీఈసీ, హెచ్ఈసీ పిల్లల గురించి ఒక్క ముక్క కనపడదు. లెక్కలకి, ఫిజిక్స్‌కి వీధికో కోచింగ్ సెంటర్ ఉంటుంది, సివిక్స్‌కి మాత్రం జిల్లా కేంద్రంలో కూడా బోర్డు దొరకదు. అంటే చెప్పేవాళ్ళు లేరని కాదు, వాళ్ళు బోర్డు పెట్టుకోరు అంతే. అందుకే వెతకడం కొంచెం వేరేగా ఉంటుంది.

అసలు పిల్లలకి ఎక్కడ కష్టమవుతుందో ముందు చెప్తాను. పదో తరగతి దాకా ఇది సోషల్‌లో ఓ భాగం. గ్రామ పంచాయతీ, అసెంబ్లీ, పార్లమెంటు, ఓటు హక్కు, కళ్ళకి కనిపించే విషయాలే. ఇంటర్ ఫస్టియర్లో పుస్తకం తెరవగానే రాజ్యం, సార్వభౌమాధికారం, జాతీయత, స్వేచ్ఛ, సమానత్వం, న్యాయం అంటూ మొదలవుతుంది. చూపించడానికి బొమ్మ ఉండదు, చెయ్యడానికి లెక్క ఉండదు. రాజ్యానికీ ప్రభుత్వానికీ తేడా ఏమిటి అని అడిగితే పెద్దవాళ్ళం మనమే తడుముకుంటాం, పదహారేళ్ళ పిల్లాడి సంగతి చెప్పేదేముంది. సెకండియర్ భారత రాజ్యాంగం, అది కొంత నయం, పేపర్లో రోజూ కనపడే సంగతులు కాబట్టి. దీనికి తోడు పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి ఇక్కడ ఇంగ్లిష్ మీడియంలో చేరినవాళ్ళు ఉంటారు, వాళ్ళకి జ్యుడీషియల్ రివ్యూ అంటే కంఠతా వస్తుంది కానీ న్యాయసమీక్ష అంటే చట్టం రాజ్యాంగానికి లోబడి ఉందో లేదో కోర్టు చూడటమని ఏ భాషలోనూ తెలియదు. రెండు భాషల్లో చెప్పగల మనిషి దొరికితే సగం పని అయినట్టే.

మరి ఎక్కడ వెతకాలి? మొదట రిటైరైన లెక్చరర్లు. మీ మండలంలో ప్రభుత్వ జూనియర్ కాలేజీ ఉంటే ఆఫీసులో అడగండి, ఏ సార్ ఎప్పుడు రిటైరయ్యారో, ఇప్పుడు ఎక్కడ ఉంటున్నారో అక్కడివాళ్ళకి నోటి మీదే ఉంటుంది. వీళ్ళు ఏళ్ళ తరబడి పేపర్లు దిద్దినవాళ్ళు, ఎక్కడ మార్కు పడుతుందో ఎక్కడ పోతుందో తెలిసినవాళ్ళు. తర్వాత ఎమ్మే పొలిటికల్ సైన్స్ చదివేవాళ్ళు, చదివి ఖాళీగా ఉన్నవాళ్ళు. ఉస్మానియా, కాకతీయ, ఆంధ్రా, శ్రీ వేంకటేశ్వర, ఏ యూనివర్సిటీ ఊళ్ళో ఉన్నా ఆ డిపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు మీద ఓ కాగితం అంటించి రండి, వారంలో ఎవరో ఒకరు పలుకుతారు. లాయర్‌గా కొత్తగా ప్రాక్టీసు పెట్టిన కుర్రాళ్ళు, అమ్మాయిలు కూడా మంచివాళ్ళే, ముఖ్యంగా సెకండియర్‌కి. కోర్టులో పని తక్కువ, సాయంత్రాలు తీరిక ఎక్కువ.

ఇక హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి ఇంకో దారి ఉంది. అశోక్‌నగర్, ఆర్టీసీ క్రాస్ రోడ్స్ చుట్టుపక్కల రూముల్లో, చిక్కడపల్లి లైబ్రరీలో గ్రూప్స్‌కి ప్రిపేరయ్యేవాళ్ళు ఎంతమందో. ఇండియన్ పాలిటీ, అంటే మన రాజ్యాంగం, ప్రభుత్వం నడిచే తీరు, వాళ్ళకి కొట్టిన పిండి. రూము అద్దెకి ఆసరా అవుతుందంటే సంతోషంగా వస్తారు. కానీ ఒక్క మాట గుర్తు పెట్టుకోండి. వాళ్ళు చదివేది ఎక్కువగా బిట్ల కోసం. ఏ సవరణ ఏ సంవత్సరం, ఏ అధికరణం దేని గురించి, టకటకా చెప్తారు. మీ అబ్బాయి రాయాల్సింది వ్యాసం. నాలుగు ఆప్షన్లలో ఒకటి గుర్తించడం వేరు, తెల్ల కాగితం ముందు పెట్టుకుని మూడు పేజీలు కూర్చడం వేరు. గ్రూప్-1 మెయిన్స్ రాసిన అనుభవం ఉన్నవాళ్ళయితే ఈ ఇబ్బంది ఉండదు, అడిగి తెలుసుకోండి.

మనిషి దొరికాక డెమో క్లాసు ఒకటి పెట్టించండి, మీరూ పక్కన కూర్చోండి. పక్క గదిలోంచి వినడం కాదు, ఎదురుగానే. ఒక ప్రశ్న నేను ఇస్తాను, మీరు అడగండి: "సార్, ఆస్తి హక్కు ఇప్పుడు ప్రాథమిక హక్కేనా?" కాదు అని చెప్తారు, 1978లో 44వ సవరణతో తీసేశారని, ఇప్పుడది 300-ఏ అధికరణం కింద చట్టబద్ధమైన హక్కుగా ఉందని చెప్తారు. అంతవరకు గైడు చదివినవాళ్ళెవరైనా చెప్పగలరు. అక్కడితో ఆగకుండా, మరి తేడా ఏం పడింది అని పిల్లాడి చేత అడిగించండి. మా పొలం రోడ్డు కోసం తీసుకుంటే ఇదివరకు నేరుగా సుప్రీంకోర్టుకి 32వ అధికరణం కింద వెళ్ళగలిగేవాళ్ళం, ఇప్పుడు హైకోర్టు తలుపు తట్టాలి, చట్టం ప్రకారమే తీసుకున్నారా అన్నది అక్కడ తేలాలి, ఇలా ఊళ్ళో జరిగే సంగతికి ముడిపెట్టి చెప్తే ఆయన్ని వదలకండి. "అదంతా పరీక్షలో రాదులే బాబూ" అంటే ఇంకొకర్ని చూసుకోండి.

రెండో పరీక్ష కొంచెం చిలిపిది. మన రెండు రాష్ట్రాల్లో రాజకీయం మాట్లాడని మనిషి ఉండడు, ఏదో ఒక పార్టీ మీద అభిమానం లేని మనిషి అంతకంటే ఉండడు. ట్యూషన్ మాస్టారికీ ఉంటుంది, ఉండనివ్వండి. అది పాఠంలోకి వస్తుందా అన్నదే చూడాలి. దానికి 1984 ఆగస్టు గురించి అడగండి. ఎన్టీ రామారావు గారు అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చిన కొద్ది రోజులకే గవర్నర్ రాంలాల్ ఆయన్ని ముఖ్యమంత్రి పదవి నుంచి తప్పించి నాదెండ్ల భాస్కరరావు గారి చేత ప్రమాణం చేయించారు. ఎన్టీఆర్ ఎమ్మెల్యేలను వెంటబెట్టుకుని ఢిల్లీలో రాష్ట్రపతి భవన్‌కి వెళ్ళారు, గవర్నర్ మారారు, శంకర్ దయాళ్ శర్మ వచ్చారు, సెప్టెంబర్‌లో ఎన్టీఆర్ మళ్ళీ కుర్చీ ఎక్కారు. ఒక్క నెల కథ. ఇందులో సగం సిలబస్ ఉంది తెలుసా? గవర్నర్ విచక్షణాధికారం ఎంతవరకు, 164వ అధికరణంలో మంత్రులు గవర్నర్ ఇష్టం ఉన్నంతకాలం పదవిలో ఉంటారని రాసి ఉంటే ఆ ఇష్టం అంటే ఏమిటి, మెజారిటీ రాజ్‌భవన్‌లో లెక్కపెట్టాలా సభలో తేల్చాలా, అన్నీ ఇక్కడే వస్తాయి. మరుసటి ఏడాది 1985లో 52వ సవరణతో ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చింది. 1994లో కర్ణాటక మాజీ ముఖ్యమంత్రి ఎస్.ఆర్. బొమ్మై కేసులో సుప్రీంకోర్టు బలం తేలాల్సింది సభలోనే అని చెప్పింది. ఇంత దారి చూపించే మాస్టారు దొరికారంటే మీ పిల్లాడి అదృష్టం. అలా కాకుండా ఎవరు ద్రోహం చేశారు, ఎవరు మహానుభావుడు అన్న దగ్గరే అరగంట గడిపేస్తే, కబుర్లకి బాగుంటుంది, ట్యూషన్‌కి పనికిరాదు.

ఇవన్నీ ఒక ఎత్తు, జవాబులు దిద్దడం ఒక ఎత్తు. నన్నడిగితే ట్యూషన్‌కి ఇచ్చే డబ్బులో ముప్పావు వంతు దీనికే. పాఠం తెలుగు అకాడమీ పుస్తకంలో ఉంది, యూట్యూబ్‌లో ఉంది, తెలంగాణ ప్రభుత్వ టీ-శాట్ ఛానల్లో వస్తుంది, మీరు కూర్చున్న చోటికే వస్తుంది. పిల్లాడు రాసిన కాగితం చదివి ఇక్కడ తప్పు అని ఎర్ర సిరాతో గీసే మనిషే ఎక్కడా ఉచితంగా దొరకడు. ఒకసారి ఓ అమ్మాయి "గవర్నర్ అధికారాలు" అన్న వ్యాసం చూపించింది. దస్తూరి ముత్యాల్లా ఉంది, సైడ్ హెడింగులు, కింద గీతలు, అన్నీ ఉన్నాయి. మూడో హెడింగు "సైనిక అధికారాలు". కింద, త్రివిధ దళాలకు సర్వాధిపతి అని. రాష్ట్రపతి వ్యాసం బట్టీ పట్టి, ఎక్కడెక్కడ రాష్ట్రపతి అని ఉందో అక్కడ గవర్నర్ అని పెట్టేసింది. పాపం తను చేసింది తప్పని కూడా తెలియదు, ఎందుకంటే అంతకు ముందు ఆ కాగితం చూసినవాళ్ళందరూ "వెరీ గుడ్" అని సంతకం పెట్టారు.

పేపర్ సంగతి కూడా చూడండి. చాలా ఏళ్ళుగా నడిచిన పద్ధతిలో 100 మార్కుల పేపర్లో పదేసి మార్కుల వ్యాసాలు 3, ఐదు మార్కులవి 8, రెండు మార్కులవి 15 రాయాల్సి ఉండేది. అంటే వ్యాసాలకి 30, ఐదు మార్కులవాటికి 40, చిన్నవాటికి 30. మూడు గంటల్లో మొత్తం 26 జవాబులు! మన ట్యూషన్లలో ఏం జరుగుతుంది? ఏడాదంతా వ్యాసాలు రుద్దుతారు. అన్నిటికంటే ఎక్కువ మార్కులున్న ఐదు మార్కుల ప్రశ్నల ముఖం కూడా చూడరు, చివర్లో పేజీన్నర రాయాల్సింది మూడు పేజీలు రాసి, టైము చాలక చిన్న ప్రశ్నలు వదిలేసి వస్తారు. అందుకని మాస్టారిని వాచీ పెట్టి రాయిస్తారా అని అడగండి. బోర్డులు పద్ధతులు మారుస్తుంటాయి కాబట్టి ఈ ఏటి మోడల్ పేపర్ బోర్డు వెబ్‌సైట్లో తీసి దగ్గర పెట్టుకోండి, మాస్టారు దాన్ని చూశారో లేదో కూడా కనుక్కోండి. సీబీఎస్ఈ పిల్లలయితే లెక్క వేరు, అక్కడ రాతపరీక్ష 80, ప్రాజెక్టు 20, ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలే ఆధారం, పన్నెండులో ప్రపంచ రాజకీయాలు కూడా ఉంటాయి. ఇంటర్ బోర్డు సిలబస్ మాత్రమే చెప్పినవాళ్ళు అక్కడ ఇబ్బంది పడతారు.

ఫీజు సంగతి. ఏడాదికి ఒకేసారి కట్టమంటే కట్టకండి, నెల నెలా ఇవ్వండి. వారానికి రెండు రోజులు చాలు, రోజూ అక్కర్లేదు, మధ్యలో పిల్లలు చదవాలి, రాయాలి. ఒక్కడికే పెట్టించడం కంటే ముగ్గురు నలుగురు కలిస్తే ఈ సబ్జెక్టుకి ఇంకా మంచిది, ఖర్చు తగ్గుతుందని మాత్రమే అనడం లేదు, మరణశిక్ష ఉండాలా వద్దా, శాసనమండలి అవసరమా కాదా అని వాదించుకోవడానికి ఎదుటి మనిషి కావాలి కదా. మండలి మాటకొస్తే 1985లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రద్దయి 2007లో మళ్ళీ వచ్చింది, వాదనకి ఇంతకంటే మంచి సరుకు ఏముంటుంది? ఇంటికి వచ్చి చెప్పేవాళ్ళని హాల్లోనే కూర్చోబెట్టండి, టీవీ కట్టేయండి, ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరో ఒకరు ఉండే వేళ పెట్టుకోండి. అబ్బాయైనా అమ్మాయైనా ఇదే మాట.

మా ఊళ్ళో ఎవరూ లేరండీ అంటారా. నిజమే, చాలా ఊళ్ళలో ఉండరు. అప్పుడు దూరంలో ఉన్న లెక్చరర్ ఒకరితో మాట్లాడుకోండి, పాఠం చెప్పక్కర్లేదు, వారానికి రెండు జవాబులు దిద్దితే చాలని. పిల్లాడు రాసిన పేజీ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుతాడు, ఆయన తప్పులు గీసి తిరిగి పంపుతారు, ఆదివారం ఓ అరగంట ఫోన్‌లో మాట్లాడతారు. మిగతాది ఊళ్ళోనే ఉంది. మన దగ్గర 1959లో షాద్‌నగర్‌లో మొదలైన పంచాయతీరాజ్ ఇప్పుడు ఎలా నడుస్తోందో చూడాలంటే గ్రామసభ జరిగే రోజున పిల్లాణ్ణి తీసుకెళ్ళి వెనక కూర్చోబెట్టండి, సర్పంచ్‌కీ పంచాయతీ కార్యదర్శికీ ఎవరి పని ఏమిటో ఆ గంటలో తెలిసిపోతుంది, ఇంటికొచ్చాక అదే ఐదు మార్కుల జవాబుగా రాయించి ఆ ఫొటో కూడా ఆ సార్‌కి పంపించండి. ఇదంతా జూలైలో మొదలుపెట్టాలి, ఫిబ్రవరిలో ఫోన్ చేస్తే మాత్రం నేనే కాదు, ఎవరూ ఏమీ చెయ్యలేరు.

ఉంటాను మరి, నమస్కారం.